కాలవ గట్టు మీద, స్వీడన్‌లో

మా తాతయ్య లస్కరు. గోదావరి జిల్లాల బయటివాళ్ళకి ఈ మాట కొత్తగా ఉండొచ్చు. కాలవ గట్టు మీద తిరుగుతూ ఎక్కడ గండి పడేలా ఉందో కనిపెట్టడం, పడవల్ని ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే లాకుల దగ్గర తలుపులు తెరవడం, మూయడం, పైనుంచి వచ్చిన ఆర్డరు ప్రకారం నీళ్ళు వదలడం, ఇదీ లస్కరు పని. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ, అందరికీ "లస్కరు గారే". ఆయనకో నల్ల రాలీ సైకిలు ఉండేది. వానాకాలం రాత్రుళ్ళు హ్యాండిలుకి టార్చిలైటు కట్టుకుని గట్టు మీద వెళ్తుంటే, ఆ వెలుగు కొబ్బరి చెట్ల మధ్య ఊగుతూ దూరమవడం మా అరుగు మీద నుంచి చూసేవాణ్ణి. నేను సైకిలు నేర్చుకున్నదీ దాని మీదే. సీటు అందేది కాదు. ఫ్రేము మధ్యలోంచి కాలు దూర్చి, ఒంటిని ఒక పక్కకి వంచి తొక్కుతుంటే, వెనకాల క్యారియర్ పట్టుకుని ఆయన పరిగెత్తేవారు. "కాలవ వైపు చూడకు, ముందుకి చూడు" అనేవారు.

2017 ఫిబ్రవరిలో తాతయ్య పోయారు. నేను అప్పటికి ఐదు నెలలుగా స్వీడన్‌లో, గోథెన్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. "నువ్వు వచ్చేసరికి ఏమీ ఉండదురా, రావద్దు" అన్నాడు నాన్న. అన్నీ ఫోనులోనే చూశాను. ఎవరో ఫోను పట్టుకుని నడుస్తుంటే తెర అంతా కదిలిపోయింది. ఆఖరికి కనిపించింది కాలవ గట్టు, దాని అవతల పొగ. ఆ చలికాలం నాకు బాగా గుర్తు. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడే డిసెంబరు, తర్వాత జనవరి, తర్వాత ఇది. ఆఫీసు నుంచి గదికి, గది నుంచి ఆఫీసుకి. మాట్లాడటానికి మనుషులు లేక కాదు, మాట్లాడాలనే అనిపించేది కాదు.

ఏప్రిల్‌లో ఒకరోజు ఆఫీసులో కాఫీ వేళ నా పక్క సీటు పెద్దాయన తాతయ్య గురించి అడిగాడు. లస్కరు అంటే ఏమిటో చెప్పడానికి కాగితం మీద లాకు బొమ్మ గీశాను. ఆయన ఆ బొమ్మని కాసేపు చూసి, కంప్యూటర్లో మ్యాపు తెరిచి, దేశం నడుముకి అడ్డంగా ఉన్న ఒక సన్నటి నీలి గీత చూపించాడు. "ఇది యోతా కాలవ. 58 లాకులు ఉన్నాయి. ఒడ్డునే దారి ఉంది, సైకిలు మీద వెళ్ళొచ్చు" అన్నాడు. ఆ రాత్రి గదికి వెళ్ళి సెకండ్ హ్యాండ్ సైకిళ్ళు వెతకడం మొదలుపెట్టాను.

జూన్ 17, శనివారం ఉదయం బయల్దేరాను. వెనక రెండు సంచులు, ఒక టెంటు, చిన్న స్టవ్వు, కేజీన్నర బియ్యం, అమ్మ పంపిన కందిపొడి. దారి ముందే అనుకున్నాను. గోథెన్‌బర్గ్ నుంచి యోతా నది వెంట ఉత్తరానికి, అక్కడి నుంచి వేనెర్న్ సరస్సు దక్షిణపు ఒడ్డున షోటోర్ప్ దాకా. అక్కడ కాలవ మొదలవుతుంది. ఆ తర్వాత గట్టు పట్టుకుని తూర్పున బాల్టిక్ సముద్రం దాకా. పెద్ద సరస్సులు వచ్చినచోట చుట్టూ తిరిగి వెళ్ళాలి కాబట్టి మొత్తం 500 కిలోమీటర్లు దాటింది.

మొదటి రోజు గురించి పెద్దగా చెప్పుకోవడానికి లేదు. ఎదురుగాలి, నడుం నొప్పి. ట్రోల్‌హెట్టన్‌లో నది లోయలోకి దూకే చోట పెద్ద లాకులు, పవర్ హౌసు చూశాను. అవి ఓడల కోసం కట్టినవి, నాకు పరాయిగా అనిపించాయి.

రెండో రోజు మాత్రం ఒక సంగతి జరిగింది. గ్రేస్టోర్ప్ వైపు పొలాల మధ్య రోడ్డు, ఎటు చూసినా మనిషి లేడు. ఒక మలుపు తిరిగాక తెలియకుండానే ఎడమ పక్కకి వచ్చేశాను. మన దగ్గర పుట్టినవాడి కాళ్ళకి ఎడమ పక్కే తెలుసు. ఎదురుగా ఒక పాత వోల్వో కారు వచ్చి నెమ్మదిగా ఆగింది. అద్దం దించి డెబ్బై దాటిన ఒకాయన తల బయటపెట్టాడు. తిడతాడనుకుని క్షమాపణ చెప్పబోయాను. ఆయన నవ్వి, "మేమూ ఆ పక్కనే వెళ్ళేవాళ్ళం" అన్నాడు. ఎక్కడి నుంచి వచ్చావని అడిగి, ఇండియా అనగానే కారు పక్కకి తీసి దిగాడు. అక్కడ, రోడ్డు మధ్యలో నిలబడి నాకు 1967 సెప్టెంబర్ 3 గురించి చెప్పాడు.

అంతకుముందు స్వీడన్‌లో కూడా బళ్ళన్నీ ఎడమ పక్కనే నడిచేవట. 1955లో జనాన్ని ఓటు అడిగితే 83 శాతం మంది కుడి పక్కకి మారడం వద్దన్నారు. అయినా చుట్టుపక్కల దేశాలన్నీ కుడి పక్కన నడుస్తుండటంతో ప్రభుత్వం మార్చాలనే నిర్ణయించింది. ఆ ఆదివారం తెల్లవారుజామున 4:50కి దేశంలో ఎక్కడి బళ్ళు అక్కడ ఆగాలి. ఆగి, జాగ్రత్తగా రెండో పక్కకి జరగాలి. 5 గంటలకి మళ్ళీ కదలాలి. ఈయనకి అప్పుడు ఇరవై ఏళ్ళు. నిద్రపోకుండా నాన్నతో కలిసి కూడలికి వెళ్ళి నిలబడ్డాడట. "ఒకే ఒక్క కారు వచ్చింది. మా డాక్టరుగారిది. ఆగాడు, మా వైపు చేయి ఊపాడు, ఇటు పక్కకి జరిగాడు" అని, ఆ కారు ఎక్కణ్ణుంచి ఎక్కడికి జరిగిందో తన చెప్పులతో రోడ్డు మీద నడిచి చూపించాడు. తర్వాత నా భుజం తట్టి, "నీకు యాభై ఏళ్ళు ఆలస్యంగా చెప్తున్నాను, ఇటు పక్కకి రా" అన్నాడు. కారెక్కి, నేను కుడి పక్కన కుదురుగా తొక్కడం చూశాకే వెళ్ళిపోయాడు.

స్వీడన్ వాళ్ళు మాట్లాడరని అందరూ అంటారు. నేనూ ఆ చలికాలమంతా అలాగే అనుకున్నాను. ఈ ప్రయాణం తర్వాత నా అభిప్రాయం మారింది. ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టడం వాళ్ళకి ఇష్టం ఉండదు, అంతే. మనం ముందుగా ఏదైనా అడిగితే, కాసిని నీళ్ళైనా సరే, ఆ అడ్డు తొలగిపోతుంది. సైకిలు మీద వెళ్ళేవాడికి ఎప్పుడూ ఏదో ఒకటి కావలసి వస్తూనే ఉంటుంది. బస్సులో, రైల్లో వెళ్ళేవాడికి ఆ అదృష్టం లేదు.

నీళ్ళంటే గుర్తొచ్చింది. దారిలో సీసా నిండుకుంటే చర్చి వెతుక్కోమని ఆఫీసు పెద్దాయన ముందే చెప్పాడు. సమాధుల దగ్గర మొక్కలకి పోయడానికి కుళాయి ఉంటుంది, పక్కనే కొక్కేలకి నీళ్ళ డబ్బాలు వేలాడుతుంటాయి. మూడో రోజు, షిన్నెకుల్లె కొండ కింద హూసబి అనే ఊళ్ళో అలా ఆగాను. ముందు వైపు మూడు గోపురాలు అతుక్కుని ఉన్న చాలా పాత రాతి చర్చి. వెయ్యేళ్ళ కిందట ఉలోఫ్ షోట్‌కోనుంగ్ అనే రాజు అక్కడి ఊట దగ్గర క్రైస్తవం పుచ్చుకున్నాడని చెప్పుకుంటారు. నేను కుళాయి దగ్గర సీసా నింపుకుంటుంటే ఒక మామ్మగారు నీళ్ళ డబ్బా పట్టుకుని వెనకాల నిలబడి ఉన్నారు. "ముందు మీరు పట్టుకోండి" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, "తాగడానికా? అయితే నువ్వే ముందు" అన్నారు. డబ్బా నిండాక నేనే మోసుకెళ్ళాను. భర్త సమాధి. పక్కన ఎర్ర పువ్వుల కుండీ. నీళ్ళు పోసి, ఎండుటాకులు ఏరి, రాయి మీద దుమ్ము అరచేత్తో తుడిచారు. తద్దినం రోజు ఫోటో తుడిచే మా నాయనమ్మ చెయ్యి అలాగే కదులుతుంది.

"కాఫీ తాగుతావా?" అని అడిగారు. చర్చికి పావు కిలోమీటరు దూరంలో ఎర్ర రంగు చెక్క ఇల్లు, తెల్లటి కిటికీ చట్రాలు. ఆ ఎరుపు స్వీడన్ పల్లెల్లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఫాలున్ ఊరి రాగి గని మట్టితో చేసే రంగు అది. లోపల అన్నీ ఎప్పుడో సర్దిపెట్టినట్టున్నాయి. కాఫీ, యాలకుల పొడి వేసిన బన్నులు, మూడు రకాల బిస్కెట్లు. బన్ను కొరికితే యాలకుల వాసన గుప్పుమంది. ఇంత దూరాన, ఈ చలి దేశంలో, పిండివంటలో ఇంత యాలకులు వేస్తారని నేను అనుకోలేదు.

గోడ మీద ఒక పాత ఫోటో ఉంది. బిగించి కట్టిన జుట్టు, గుండీలున్న నల్ల గౌను, ఇరవై ఏళ్ళ అమ్మాయి. మామ్మగారి తాతగారి చెల్లెలు. అమెరికాలోని మిన్నెసోటాకి వెళ్ళిపోయిందట. 1850 నుంచి 1930 దాకా దాదాపు 13 లక్షల మంది స్వీడన్ వదిలి అమెరికా వెళ్ళారు. 1900లో ఈ దేశం మొత్తం జనాభాయే 51 లక్షలు. పొలాలు చాలక, పంటలు పోయి, ఇంట్లో ఒక్కొక్కరుగా బయల్దేరారు. "ఆమె మూడు ఉత్తరాలు రాసింది. తర్వాత రాయలేదు. వాళ్ళమ్మ బతికినన్నాళ్ళూ పోస్టు వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడేదని మా నాన్న చెప్పేవాడు" అన్నారు. కాసేపు ఆగి, "మీ అమ్మకి రాస్తావా?" అని అడిగారు. ఫోను చేస్తాను, ముఖం కూడా కనిపిస్తుంది అన్నాను. "అయితే ఇప్పుడు చెయ్యి" అన్నారు.

మన దగ్గర అప్పుడు రాత్రి ఎనిమిది. అమ్మ వంటింట్లో ఉంది. "ఎవర్రా ఆవిడ? ఎవరింట్లో ఉన్నావు? అన్నం తిన్నావా?" అని ఒకేసారి మూడు ప్రశ్నలు. ఫోను మామ్మగారి చేతికిచ్చాను. తర్వాత జరిగింది నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో. ఆవిడ స్వీడిష్‌లో, అమ్మ తెలుగులో, ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాకుండా ఐదు నిమిషాలు మాట్లాడుకున్నారు. ఆవిడ బన్నుల పళ్ళెం ఎత్తి చూపించారు. అమ్మ స్టవ్వు మీద పులుసు చూపించింది. ఆవిడ నా వైపు వేలు చూపి బుగ్గలు లోపలికి పీల్చారు, చిక్కిపోయాడని. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను మధ్యలో తర్జుమా చెయ్యబోతే ఇద్దరూ ఒకేసారి చేత్తో వద్దన్నారు.

బయల్దేరుతుంటే నాలుగు బన్నులు కాగితంలో చుట్టి ఇచ్చారు.

నాలుగో రోజు షోటోర్ప్ నుంచి కాలవ పట్టుకున్నాను. మొదటి కిలోమీటరులోనే సైకిలు దిగి నిలబడిపోయాను. గట్టు అచ్చంగా గట్టే. ఒక పక్క నిండుగా కదలకుండా ఉన్న నీళ్ళు, రెండో పక్క నీటి కంటే పల్లంలో ఉన్న పొలాలు. కొబ్బరి చెట్లు లేవు, వాటి బదులు బర్చి చెట్లు వరసగా ఉన్నాయి. గడ్డి వాసన మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఈ కాలవ కథ నేను ముందే చదువుకుని వెళ్ళాను. బాల్త్సార్ వాన్ ప్లాతెన్ అనే నౌకాదళ అధికారి పట్టుబట్టి కట్టించాడు. స్కాట్లాండ్ ఇంజనీరు థామస్ టెల్ఫర్డ్ 1808లో వచ్చి దారి గీశాడు. 1810లో పని మొదలై 22 ఏళ్ళు సాగింది. మొత్తం 190 కిలోమీటర్లలో 87 కిలోమీటర్లు మనుషులు తవ్వినవి, మిగతావి సరస్సులు. తవ్వినవాళ్ళు ఎక్కువగా సైనికులు, దాదాపు 58,000 మంది, చాలావరకు ఇనప అంచున్న చెక్క పారలతోనే. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టింది 1847లో. అంటే ఇది పూర్తయిన పదిహేనేళ్ళకి. రెండు కాలవలకీ ఒకటే గతి పట్టింది. స్వీడన్‌లో 1862లో గోథెన్‌బర్గ్ నుంచి స్టాక్‌హోం దాకా రైలు పడింది, పడవల సరుకు రైలెక్కింది. మన దగ్గర కూడా రైలు, ఆపైన లారీ వచ్చి రాదారి పడవల్ని మింగేశాయి. తాతయ్య చిన్నప్పుడు పడవకి తాడు కట్టి మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవాళ్ళట. ఇక్కడ ఎడ్లు, గుర్రాలు లాగేవి. నేను సైకిలు తొక్కుతున్న దారి ఆ ఎడ్లు నడిచిన దారే. ఒక తేడా ఉంది, అది చూస్తే నాకు కష్టంగా అనిపించింది. వాళ్ళు ఆ లాకులన్నిటినీ ఇప్పటికీ పనిచేయించుకుంటున్నారు. వేసవంతా జనం సొంత పడవల్లో తిరుగుతారు. మా ఊరి లాకుల్లో పడవ దాటడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

టోరెబూడా ఊళ్ళో "లీనా" అని చిన్న పంటు ఉంది. చేత్తో తిప్పితే కాలవ దాటుతుంది, రెండు నిమిషాల ప్రయాణం కూడా కాదు. అవసరం లేకపోయినా సైకిలుతో సహా ఒకసారి అటు, ఒకసారి ఇటు దాటాను.

అదే రోజు మధ్యాహ్నం టోటోర్ప్ చేరాను. యోతా కాలవలో లాకులు చాలావరకు ఇప్పుడు కరెంటుతో తెరుచుకుంటాయి. టోటోర్ప్‌లో, బూరెన్స్‌బెరిలో మాత్రం ఇంకా చేత్తోనే. అక్కడ డ్యూటీలో ఉన్నది పంతొమ్మిదేళ్ళ అమ్మాయి. వేసవిలో కాలేజీ పిల్లలు ఈ ఉద్యోగం చేస్తారు. రెండు పడవలు లాకులోకి వచ్చి నిలిచాయి. నేను గట్టు మీద కూర్చుని చూస్తున్నాను. ఆ అమ్మాయి వెనక తలుపులు మూసి, ముందున్న చిన్న తూములు ఎత్తింది. నీళ్ళు సుడులు తిరుగుతూ లోపలికి వచ్చాయి, పడవలు మెల్లగా పైకి లేచాయి. ఆమె పొడవాటి కర్ర మీద చెయ్యి వేసి నీటి వైపు చూస్తూ నిలబడింది. నెట్టలేదు. నా నోటి నుంచి నాకు తెలియకుండానే తెలుగులో వచ్చింది, "ఇంకా సమం కాలేదు."

ఆమె తిరిగి చూసింది. నేను లేచి దగ్గరికి వెళ్ళి ఇంగ్లీషులో చెప్పాను. మా తాతయ్య లాకుల్లో పనిచేశాడని, రెండు పక్కలా నీళ్ళు సమం కాకముందు నెడితే ఏనుగు వచ్చినా తలుపు కదలదని, సమమయ్యాక పసిపిల్ల నెట్టినా తెరుచుకుంటుందని ఆయన అనేవారని. ఆమె ముఖం వెలిగిపోయింది. "మాకు ట్రైనింగులో మొదటి రోజు చెప్పింది ఇదే!" అంది. పడవలో ఉన్న ముసలి దంపతుల్ని పిలిచి, స్వీడిష్‌లో వాళ్ళకీ చెప్పింది. వాళ్ళు టోపీలు తీసి నాకు చేతులు ఊపారు. ఆమె పక్కకి జరిగి కర్ర చూపించింది. "నువ్వు తెరుస్తావా?"

రెండు చేతులూ వేశాను. ఎండకి కర్ర వెచ్చగా ఉంది. ఆమె "ఇప్పుడు" అనగానే అడుగు వేసి నెట్టాను. మొదట ఏమీ కాలేదు. తర్వాత నీళ్ళ లోపల ఏదో వదులైనట్టు అయ్యింది, అంత పెద్ద తలుపూ నాతో పాటు నడవడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు సెలవుల్లో తాతయ్య చేతుల మధ్య నిలబడి నేను నెట్టేవాణ్ణి. నేనే తెరుస్తున్నానని అనుకునేవాణ్ణి. ఆయన బలం నా వెనక ఉండేది. టోటోర్ప్‌లో నా వెనక ఎవరూ లేరు. పడవలు వెళ్ళిపోయాక కూడా కర్ర వదల్లేదు. ఫిబ్రవరిలో రాని ఏడుపు అక్కడ వచ్చింది.

ఆ అమ్మాయి ఏమీ అడగలేదు. కాసేపటికి లాకు ఇంట్లోంచి రెండు కప్పుల కాఫీ తెచ్చి, ఒకటి నా పక్కన రాతి మీద పెట్టి, కాస్త దూరంగా కూర్చుంది. మాట్లాడని మనుషుల గొప్పతనం ఆ రోజు నాకు బాగా తెలిసింది. తర్వాత తాతయ్య పేరు అడిగింది. చెప్పాను. తను పలికింది, తప్పుగా పలికింది, నేను సరిచేశాను, మళ్ళీ పలికింది. అలా మూడుసార్లు.

ఆ రాత్రి వీకెన్ సరస్సు ఒడ్డున టెంటు వేసుకున్నాను. స్వీడన్‌లో అడవీ, ఒడ్డూ అందరివీ. ఎవరింటికీ దగ్గర కాకుండా, ఏమీ పాడుచెయ్యకుండా ఉంటే ఒక రాత్రి ఎక్కడైనా పడుకోవచ్చు. కాలవ మొత్తంలో ఎత్తైన చోటు ఈ సరస్సే, సముద్రమట్టానికి దాదాపు 92 మీటర్లు. పడమటి వైపు లాకులన్నిటికీ నీళ్ళు ఇక్కణ్ణుంచే. అన్నం వండుకుని, కొట్లో కొన్న ఫిల్‌మ్యోల్క్ కలుపుకున్నాను. అది పులిసిన పాలు, మన పెరుగుకి బాగా దగ్గర, కాస్త జారుగా ఉంటుంది. దోమలు విపరీతం. రాత్రి పదకొండైనా ఆకాశం పూర్తిగా నల్లబడలేదు. చాలా నెలల తర్వాత కలలు లేకుండా నిద్రపోయాను.

మర్నాడు ఫోర్ష్‌విక్ దగ్గర 1813 నాటి లాకు చూశాను, కాలవలో అన్నిటికంటే పాతది. ఆ తర్వాత కాలవ వెట్టెర్న్ సరస్సులో కలుస్తుంది. పడవలు నేరుగా దాటిపోతాయి, సైకిలు మాత్రం ఉత్తరంగా టీవెదెన్ అడవి పక్కనుంచి చుట్టి రావాలి. ఒక చిన్న ఊళ్ళో కొట్టు ఎంత దూరమని అడిగితే "రెండు మీల్" అన్నారు. మైళ్ళనుకుని ఉన్న చివరి బన్ను కూడా తినేశాను. స్వీడన్‌లో మీల్ అంటే 10 కిలోమీటర్లు. మన పెద్దవాళ్ళు ఆమడ అన్నట్టు వీళ్ళు మీల్ అంటారు.

ఆ రెండు మీళ్ళ మధ్యలోనే వెనక చక్రం పుల్ల విరిగింది. రిమ్ము వంకరపోయి బ్రేకుకి రాసుకుంటోంది. సైకిలు నడిపించుకుంటూ ఒక పాల రైతు పెరట్లోకి వెళ్ళాను. ఆయన చక్రం చూశాడు, నన్ను చూశాడు, "ఊఁ" అని షెడ్డులోకి నడిచాడు. లోపల తుప్పు పట్టిన పాత సైకిళ్ళు మూడు. ఒక్కొక్క చక్రం నుంచి ఒక్కొక్క పుల్ల విప్పి నా పుల్ల పక్కన పెట్టి కొలిచాడు. నాలుగోదో ఐదోదో సరిపోయింది. సైకిలు తలకిందులు చేసి, చక్రం తిప్పి, బొటనవేలు గోరు రిమ్ముకి ఆనించి వంకర ఎక్కడుందో చూస్తూ సరిచేశాడు. మా ఊరి సైకిలు షాపు మేస్త్రీ కూడా సరిగ్గా అలాగే గోరు ఆనిస్తాడు. రెండు గంటల్లో ఆయన మాట్లాడింది పది మాటలకి మించదు. డబ్బు తీయబోతే, నా చెయ్యి జేబులోకి వెళ్ళకుండా పట్టుకుని ఆపాడు. వాళ్ళావిడ రొట్టె, వెన్న, ఉడికించిన గుడ్లు పెట్టింది. వెళ్ళేటప్పుడు ఆయన గేటు దాకా వచ్చి పదకొండో మాట చెప్పాడు: "మూస్‌లు సాయంత్రం రోడ్డు మీదికి వస్తాయి. నెమ్మదిగా వెళ్ళు." మూస్ అంటే దుప్పి జాతికి చెందిన పెద్ద జంతువు. మర్నాడు పొద్దున్నే పొగమంచులో ఒకటి కనిపించింది, పొడుగాటి కాళ్ళతో, మనుషుల్ని చూసి తొందరపడకుండా అడవిలోకి నడిచిపోయింది.

మూటాలాలో కాలవ ఒడ్డునే వాన్ ప్లాతెన్ సమాధి ఉంది. ఆయన 1829 డిసెంబరులో పోయాడు. కాలవ పూర్తయింది 1832లో. చూడలేకపోయాడు. నేను అక్కడ చాలాసేపే కూర్చున్నాను.

జూన్ 23 శుక్రవారం, మిడ్సమ్మర్ పండగ ముందురోజు. నిజానికి వాళ్ళకి పండగంతా ఆ రోజే. బూరెన్స్‌బెరి దాటాక ఒక పల్లెలో, పాతకాలపు చెక్క ఇళ్ళని కాపాడి ఉంచిన పచ్చిక బయలులో ఊరంతా చేరింది. ఎత్తైన కర్రకి బర్చి ఆకులు, పువ్వులు చుట్టి, మగవాళ్ళు జంటలుగా కట్టిన కర్రలతో దాన్ని కొంచెం కొంచెంగా పైకి లేపుతున్నారు. సైకిలు ఆపి చూస్తుంటే ఒకాయన "ఇక్కడొక మనిషి తక్కువయ్యాడు" అని పిలిచాడు. వెళ్ళి ఓ చెయ్యి వేశాను. కర్ర నిలబడ్డాక చుట్టూ చేతులు పట్టుకుని ఆటలు, కప్పల్లా గెంతుతూ చిన్నా పెద్దా. తల మీద పువ్వుల కిరీటాలతో ఆడపిల్లలు తిరుగుతుంటే సంక్రాంతి గొబ్బిళ్ళ చుట్టూ తిరిగే మా చెల్లెళ్ళు కళ్ళ ముందు కనిపించారు.

ఒక కుటుంబం తమ బల్ల దగ్గర కూర్చోబెట్టుకుంది. సోంపాకు వాసనకి దగ్గరగా ఉండే డిల్ ఆకు వేసి ఉడికించిన కొత్త బంగాళాదుంపలు, తియ్యటి పులుపులో ఊరిన హెర్రింగ్ చేప, పుల్లటి మీగడ, స్ట్రాబెర్రీలు. చేపల ఊళ్ళో పుట్టినవాణ్ణి, తియ్యటి చేప నాకు ఎక్కలేదు, ఆ మాట చెప్పేశాను. వాళ్ళు నవ్వి బంగాళాదుంపలు జరిపారు. సంచిలోంచి కందిపొడి తీసి, వేడి దుంప మీద వాళ్ళ వెన్నతో కలిపి ఇచ్చాను. ఇంటి పెద్దావిడ ఒకటి తిని, ఏమీ అనకుండా పళ్ళెం మళ్ళీ ముందుకి చాపింది. డబ్బా ఆ మధ్యాహ్నమే ఖాళీ అయింది. ఆ ఇంటి చిన్నమ్మాయి నాకు ఏడు రకాల పువ్వులు కోసి ఇచ్చింది. మాట్లాడకుండా కోసిన ఏడు పువ్వులు తలగడ కింద పెట్టుకుంటే పెళ్ళాడబోయేవాళ్ళు కలలోకి వస్తారట. టెంటులో తలగడ లేదు, మడిచిన స్వెటర్ కింద పెట్టుకున్నాను.

మర్నాడు బెర్గ్ దగ్గర ఏడు లాకులు మెట్లలా వరసగా దిగి, దాదాపు 19 మీటర్ల కింద రాక్సెన్ సరస్సులో కలవడం చూశాను. అక్కడి నుంచి సోదెర్‌షోపింగ్ దాకా దారి ఎంత అందంగా ఉన్నా నాకు గుర్తున్నది తక్కువ. అయిపోతోందన్న దిగులే ఎక్కువ.

జూన్ 25 ఉదయం మేమ్ చేరాను. ఆఖరి లాకు. 1832 సెప్టెంబర్ 26న రాజు పద్నాలుగో కార్ల్ యోహాన్ కాలవని ఇక్కడే ప్రారంభించాడు. తలుపుల అవతల సముద్రపు పాయ. ఉప్పు వాసన ఏమంత లేదు, నరసాపురం దగ్గర గోదావరి సముద్రంలో కలిసేచోట ఉండే హోరూ లేదు. గట్టు మీద కూర్చుని నాన్నకి ఫోను చేశాను.

"కాలవ అయిపోయింది నాన్నా" అన్నాను.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గట్టు ఎలా ఉందిరా?" అని అడిగాడు. "ఎక్కడైనా గండ్లు పడ్డాయా? కుంగిందా?"

దారి పొడవునా తీసిన ఫోటోలు పదిహేనో ఇరవయ్యో పంపాను. ఒక్కొక్కటీ తెరిచి, పెద్దది చేసుకుని చూస్తున్నట్టున్నాడు. చాలాసేపటికి మళ్ళీ ఫోను వచ్చింది.

"ఎక్కడా కుంగలేదు. గడ్డి కూడా బాగా కోశారు. అక్కడి లస్కరు ఎవరో మంచోడు."

"మంచోడు కాదు నాన్నా. నేను చూసిన లస్కరు ఆడపిల్ల. పంతొమ్మిదేళ్ళు. తాతయ్య పేరు నేర్చుకుంది."

"అలాగా" అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "అయితే ఆ పిల్లకి చెప్పు, గట్టు బాగా చూసుకుంటోందని."